ఇంజను భాగాల బరువు – కారు పనితనం

ఇంజను భాగాలను తేలికపరిస్తే కారు పనితనం మెరుగవుతుందన్న మాట యువకులలో తరచుగా వినవస్తున్నది. అది ఎంతవరకు నిజం? అందుకు వెచ్చించే ధనానికి తగిన ఫలితం దక్కుతుందా? మనం చదువుకొన్న భౌతికశాస్త్ర సూత్రాల వెలుగులో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ఇంజనుకు శక్తి ఇంధనం మండటం వల్ల లభిస్తుంది గాని, భాగాల బరువు తగ్గటం వల్ల కాదు. తేలికదనం వల్ల కలిగే మేలు రెండు విధాలు: కదిలే భాగాలపై బలాలు తగ్గుతాయి, ఇంజను వేగం త్వరగా పుంజుకొంటుంది.

మొదటిదానికి పిస్టను ఉదాహరణ. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టను సెకనుకు నూరుమార్లు పైకి పోయి క్రిందికి వస్తుంది. 300 గ్రాముల పిస్టను 80 మిల్లీమీటర్ల మేర కదులుతున్నట్లయితే, పైకొసన దానిని వెనుకకు మరల్చడానికి అర టన్ను బరువును మించిన బలం కావాలి. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది. కనుకనే 1913లో డబ్ల్యు. ఓ. బెంట్లీ అల్యూమినియం పిస్టన్ల వైపు దృష్టి సారించారు. 1990లో వెలువడిన హోండా ఎన్.ఎస్.ఎక్స్. కారులో కనెక్టింగ్ రాడ్లను టైటానియంతో చేశారు. ఇంజనును అధిక వేగంతో, క్షేమంగా తిప్పడమే వీటి పరమార్థం.

రెండవదానికి ఫ్లైవీలు ఉదాహరణ. దాని బరువును 8 కిలోల నుండి 5 కిలోలకు తగ్గించామనుకొందాం. ఆ బరువు ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్లూ, కారు చక్రపు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లయినట్లూ భావిద్దాం. మొదటి గేరులో ఇంజను 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ నిష్పత్తి వర్గాన్ని బట్టి లెక్కిస్తే, త్వరణం విషయంలో కారు బరువు 65 కిలోలు తగ్గినట్లే. పై గేరులో నిష్పత్తి 3.5 మాత్రమే; అప్పటి లాభం 4 కిలోలు! వెయ్యి కిలోల కారుకు అది లెక్కలోనిది కాదు. ఒకే వేగంతో సాగేటప్పుడు ఆ కొద్దిపాటి లాభమూ లేదు.

నష్టాలనూ తూచి చూడాలి. నాలుగు స్ట్రోకులలో శక్తినిచ్చేది ఒక్కటే. మిగిలిన మూడింటినీ సాఫీగా నడిపించేది ఫ్లైవీలులో నిలువయున్న శక్తి. అది తగ్గితే ఇంజను నిలకడగా ఆడదు. రద్దీలోను, ఎత్తులపైనా బండి కదిలించబోగా ఆగిపోతుంది. పోతయినుప ఫ్లైవీలును లేతుపై మితిమీరి పలుచన చేస్తే, అధిక వేగంలో పగిలి ముక్కలు ఎగిరిపడి ప్రాణాపాయం కలుగవచ్చు. పిస్టన్లు మార్చాలంటే ఇంజను విప్పాలి. వాటి బరువుకు తగినట్లు క్రాంక్ షాఫ్టు సమతూకాన్ని సరిచూడాలి. ఆ కూలి అదనం.

కావున పందెపు కార్లకు ఈ మార్పు సార్థకమే. నిత్యం రోడ్డుపై తిరిగే కారుకు మాత్రం వ్యయం ఎక్కువ, ఫలం తక్కువ అని మా అభిప్రాయం. మరమ్మతుకై ఇంజను ఎలాగూ విప్పినప్పుడు సమాన బరువుగల పిస్టన్లను ఎంచి అమర్చుకోవడం మేలు. అంతకన్న ముందు చూడవలసినవి టైర్లు, బ్రేకులు, గాలి ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు. తండ్రుల కష్టార్జితాన్ని వెచ్చించే ముందు కాగితంపై ఈపాటి లెక్క కట్టి చూడటం శాస్త్రం చదివిన విద్యార్థుల కర్తవ్యం.