‘జీతాలెవరిస్తారమ్మా?’ – ఒక దరఖాస్తు పాఠం

వ్యవహార తెలుగు తరగతిలో మేడమ్ మా అందరికీ ఒకే పని ఇచ్చారు. మీకు నచ్చిన ఒక సంస్థకు, అందులో పెద్ద పదవికి, దరఖాస్తు లేఖ రాసుకు రండి అన్నారు. గుమాస్తా పనికి కాదట, సంస్థను నడిపే పనికి. చాలామంది బ్యాంకు, బడి, టీవీ అని ఎంచుకున్నారు. నేను బౌద్ధ గ్రంథాలను కాపాడే ఒక లాభాపేక్ష లేని సంస్థకు డైరెక్టరు పదవి అని పెట్టుకున్నాను. పోయిన సెమిస్టరులో థేరీగాథల గురించి విన్నప్పటి నుంచి మనసు అటు లాగుతోంది, అంతకు మించి కారణం లేదు.

రెండు పేజీలు నింపాను. బుద్ధుని కరుణ, అమరావతి స్తూపం, ఆచార్య నాగార్జునుడు, ప్రాచీన విజ్ఞాన సంపద, నా అకుంఠిత దీక్ష, అన్నీ అందులో ఉన్నాయి. మేడమ్ ఎర్ర పెన్నుతో ఒక్క మాటా దిద్దలేదు. అడుగున మాత్రం రాసి ఇచ్చారు: “బాగుంది. జీతాలెవరిస్తారమ్మా?”

ఆ రోజు కోపం వచ్చిన మాట నిజం. తరువాత లైబ్రరీలో కూర్చుని, ఇలాంటి సంస్థలు నిజంగా ఎలా నడిచాయో చదివాను. అది మీతో పంచుకుందామని ఈ వ్యాసం. పరీక్షలో దరఖాస్తు లేఖ ప్రశ్న ఎటూ వస్తుంది కదా.

ముందు జీన్ స్మిత్ సంగతి. ఆయన 1936లో అమెరికాలోని ఆగ్డెన్‌లో పుట్టారు. సియాటిల్‌లో దేశుంగ్ రింపోచే అనే టిబెటన్ గురువు దగ్గర చదువుకున్నారు. చదువు ఉంది గానీ చదవడానికి పుస్తకాలు లేవు. టిబెట్ నుంచి వలస వచ్చినవాళ్లు మోసుకొచ్చిన గ్రంథాలు మన దేశంలో, నేపాల్‌లో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ 1965లో ఇక్కడికి వచ్చి, 1968లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వారి ఢిల్లీ కార్యాలయంలో చేరారు.

మేడమ్ ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడే దొరికింది. పి.ఎల్. 480 గోధుమల మాట మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. 1954 నాటి ఆ అమెరికా చట్టం కింద వచ్చిన ధాన్యానికి మన ప్రభుత్వం రూపాయల్లో వెల కట్టింది. ఆ రూపాయల్లో కొంత భాగంతో 1960ల నుంచి అమెరికా గ్రంథాలయాల కోసం ఇక్కడి పుస్తకాలు కొన్నారు. ఒక లామా తన దగ్గరున్న అరుదైన ప్రతిని అచ్చు వేయిస్తే, కొన్ని ప్రతులు ఖాయంగా అమ్ముడుపోతాయి. ఆ ధైర్యంతోనే ఎన్నో టిబెటన్ గ్రంథాలు ఢిల్లీలో అచ్చయ్యాయి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మన తెలుగు పుస్తకాలు అన్ని చేరడానికీ ఈ పథకమే పెద్ద కారణం. గోధుమల లెక్క పుస్తకాల దాకా వస్తుందని నేనైతే ఊహించలేదు.

స్మిత్ 1999లో టిబెటన్ బుద్ధిస్ట్ రిసోర్స్ సెంటర్‌ను స్థాపించారు. ఇప్పుడు దాని పేరు బుద్ధిస్ట్ డిజిటల్ రిసోర్స్ సెంటర్. గ్రంథాలను స్కాన్ చేసి, ఎవరు రాశారు, ఏ పరంపర, ఏ ప్రతి అని జాబితా కట్టి, చదివేవాళ్లకు అందిస్తారు. ఆయన 2010లో పోయారు, సంస్థ పోలేదు. ఇలాంటి చోట డైరెక్టరు పదవికి రాసేవాళ్లు తామే స్థాపకులమన్నట్టు రాస్తే నవ్విపోతారు. ఒకరు పోగుచేసినదాన్ని చెదరకుండా నడిపించే పని అది. నా మొదటి లేఖ నిండా ‘నేను స్థాపిస్తాను, నేను ఉద్ధరిస్తాను’ అని ఉంది.

ఇంకో మనిషి ఇసలిన్ బ్లూ హార్నర్. ఈవిడ నాకు స్మిత్ కన్నా దగ్గరగా అనిపించారు. 1881లో లండన్‌లో మొదలైన పాళీ టెక్స్ట్ సొసైటీకి 1922 నుంచి 1942 దాకా కారొలైన్ రీస్ డేవిడ్స్ అధ్యక్షురాలు. థేరీగాథలను 1909లోనే ఇంగ్లీషులోకి తెచ్చింది ఈవిడే. భర్త స్థాపించిన సంస్థ కాబట్టి భర్త తరువాత కుర్చీ దక్కింది అనుకునేవాళ్లు ఆ 1909 సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆవిడ పోయిన 1942లో హార్నర్ గౌరవ కార్యదర్శి అయ్యారు. గౌరవ అంటే జీతం లేనిది. బయట యుద్ధం. 1959లో అధ్యక్షురాలై 1981లో చనిపోయేదాకా ఉన్నారు. అంతకు ముందు హార్నర్ చేసిన ఉద్యోగం కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్ అనే మహిళా కళాశాలలో గ్రంథపాలకురాలు. మన లైబ్రరీ మేడమ్ గారూ, ఇది చదువుతున్నారా? వినయపిటకాన్ని ఆరు సంపుటాలుగా అనువదించడానికి హార్నర్‌కు 1938 నుంచి 1966 దాకా పట్టింది. సంస్థ పని, ఈ పని రెండూ పక్కపక్కనే సాగాయన్నమాట.

నా లేఖలో ‘పాళీ నేర్చుకుంటాను’ అని ఒక వాక్యం ఉంది. అదీ చాలదని తేలింది. పాళీకి సొంత లిపి లేదు. సింహళంలో సింహళ లిపి, బర్మాలో బర్మా లిపి, థాయ్ దేశంలో ఖోమ్, థాయ్ లిపులు. లండన్ సొసైటీ రోమన్ లిపిలో అచ్చు వేసింది. భాష వచ్చి లిపి రాకపోతే తాటాకు ముందు కూర్చుని బిక్కమొహం వేయాల్సిందే. ఈ కష్టం మనకు కొత్తదా? మా కోయంబత్తూరు వైపు ఇళ్లలో పొద్దున్న లేస్తే తెలుగే మాట్లాడతాం, చాకలి పద్దు మాత్రం తమిళంలో రాస్తాం. మా పిన్ని కొడుకులకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

నేను గొప్పగా రాసిన నాగార్జునుడి సంగతీ అంతే. శాతవాహన రాజుకు ఆయన రాశారని చెప్పే ‘సుహృల్లేఖ’ మనకు అందింది టిబెటన్, చైనా అనువాదాల వల్ల. 7వ శతాబ్దంలో మన దేశం వచ్చిన ఇత్సింగ్, ఇక్కడి విద్యార్థులు దాన్ని చదువు మొదట్లోనే నేర్చుకునేవాళ్లని రాశాడు. ఇంతమంది నోట ఉన్న లేఖను చివరికి పరాయి లిపులు దాచిపెట్టాయి.

సరే, లేఖ ఎలా రాయాలి? మొదటి పేరాలోనే ఏ పదవి, నేను ఇప్పటిదాకా ఏం చేశాను అన్నది తారీఖులతో చెప్పాలి. ‘దీక్ష’, ‘తపన’ లాంటి మాటలు తీసేస్తే లేఖ సగమవుతుంది, ఏమీ నష్టం లేదు. ఏ భాష మాట్లాడగలం, ఏ లిపి చదవగలం అన్నవి విడివిడిగా, ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఎంత డబ్బు లెక్క చూశామో చెప్పాలి, అది డిపార్ట్‌మెంట్ వేడుక చందా అయినా సరే. మన దేశంలో సంస్థ అయితే, బయటి దేశాల విరాళాలు తీసుకోవడానికి 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు కావాలి. ఆ సంగతి తెలిసినట్టు ఒక వాక్యం ఉంటే బోర్డువాళ్లు రెండోసారి చదువుతారని నా నమ్మకం.

అన్నిటికన్నా నన్ను ఆపింది వేరే. గ్రంథం సొంతదారు ఎందుకు ఇస్తాడు? దీనికి లేఖలో ఏం రాయాలో తెలియక, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వను అడిగాను. మా ఇంట్లో ఒక తాటాకు కట్ట ఉంది. సరస్వతీ పూజకు పసుపు కుంకుమ పెట్టి మళ్లీ పెట్టెలో పెడుతుంది. తాడు విప్పనివ్వదు. ఫోటోలు తీసుకుంటాను, ఒక్క ఆకూ చెడదు అన్నాను.

“ఫోటో ఎత్తి ఏం చేస్తావే? ఎవురు చదువుతారు?” అంది.

మేడమ్ అడిగినదానికన్నా కష్టమైన ప్రశ్న. నేను చదువుతాను అవ్వా అన్నాను. అయితే ముందు చదివి నాకు చెప్పు, ఆనక చూద్దాం అంది. విప్పకుండా ఎలా చదవడం అంటే నవ్వింది.

రెండో లేఖలో ‘గ్రంథ సేకరణ’ అనే శీర్షిక కొట్టేసి, ‘సొంతదారుల ఇంట కూర్చుని వాళ్లకు ముందు చదివి వినిపించడం’ అని రాశాను. దాని కింద ఖర్చు లెక్క కూడా వేశాను: ఇద్దరు చదివేవాళ్లు, వాళ్ల జీతం, బస్సు ఛార్జీలు. మేడమ్ ఈసారి బస్సు ఛార్జీల కూడిక తప్పని దిద్దారు. దీపావళికి మళ్లీ ఊరెళ్తున్నాను.