చిరంజీవి శారదకు: కొత్త మదర్‌బోర్డును గూర్చి

నాచారము,
2025 నవంబరు

  

విండోస్ పదికి 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్ట్ వారి సంరక్షణ ముగిసిపోగా, పదకొండును మీ ఇంటి పాత కంప్యూటరు స్వీకరింపదని తెలిసి, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని సీటీసీ అను కంప్యూటర్ల బజారుకు పోయి కొత్త మదర్‌బోర్డును, ప్రాసెసరును, ర్యామ్‌ను తెచ్చి నీ చేతులతోనే బిగించితివనియు, మీట నొక్కగా ఫ్యానులు తిరుగుచున్నవే గాని మానిటరుపై ఒక్క అక్షరమైనను రాకున్నదనియు ఫోనులో చెప్పితివి. ఫోనులో విన్న మాట, విప్పిన క్యాబినెట్ ముందు కూర్చున్నప్పుడు జ్ఞప్తికి రాదు. కాగితమైనచో బల్లపై పరచుకొని, ఒక వాక్యము చదివి, ఒక తీగ చూచి, మరల చదువుకొనవచ్చును. అందుచేతనే ఈ జాబు.

మొట్టమొదట, ప్లగ్గు ఊడదీసి, పాత హార్డుడిస్కుకు పోవు రెండు కేబుళ్లను తీసివేసి, దానిని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుము. మీ నాన్న ట్యూషను లెక్కలన్నియు, తాతగారి సహస్రచంద్రదర్శనపు ఫొటోలన్నియు అందులోనే ఉన్నవి. బోర్డు చెడినచో మరియొకటి కొనవచ్చును. అవి చెడినచో ఏ అంగడిలోను దొరకవు. తెరపై తొలి బొమ్మ వచ్చుటకు డిస్కుతో పనియే లేదన్న సంగతి చాలమందికి తెలియక, విండోస్ పాడైనదని భ్రమపడి, డిస్కును ఫార్మాటు చేయించి, ఉన్న సంపద పోగొట్టుకొని, ఆ పిమ్మట ఒక తీగ వదులుగా ఉండినదని తెలిసికొని దుఃఖించినవారిని నేను పలువురిని చూచితిని.

ఇక అసలు విషయము. కంప్యూటరు లేవకపోవుట ఒకే జబ్బు కాదు. విద్యుత్తు అందవలెను, ప్రాసెసరు మేలుకొనవలెను, ర్యామ్ జవాబు చెప్పవలెను, చిత్రము తెరకు చేరవలెను, అటుపైన బూట్ చేయవలసిన డిస్కు దొరకవలెను. ఈ క్రమము ఎన్నడును తారుమారు కాదు. కాజీపేటకు బయలుదేరిన రైలు చర్లపల్లిలో నిలిచినదా, ఘటకేసరులో నిలిచినదా తెలిసినప్పుడే గదా ఎవరిని విచారింపవలెనో తెలియుట. నీ యంత్రము ఏ మజిలీలో ఆగినదో మొదట తేల్చుకొనుము. తేలువరకు ఏ వస్తువును మార్చవద్దు. తేలిన పిమ్మట కూడ ఒక పర్యాయమునకు ఒక్కదానినే మార్చుము. రెండు మార్చినచో, యంత్రము లేచినను ఏది కారణమో తెలియదు.

ఈ పద్ధతి నేను ఈసీఐఎల్‌లో నేర్చినది. డాక్టర్ ఎ.ఎస్. రావుగారి సారథ్యమున 1967లో వెలసిన ఆ సంస్థ, ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టీడీసీ-12 అను కంప్యూటరును 1969 నాటికే దేశమునకు అందించినది. ఆ కాలపు చిన్న కంప్యూటర్లు తమంతట తాము లేచునవి కావు. ముందు పలకపై ఉన్న స్విచ్చులను ఒక్కొక్కటిగా పైకి, క్రిందికి వేసి, కొద్దిపాటి ఆదేశములను చేతితో జ్ఞాపకములో నింపి, వాని సాయమున కాగితపు టేపును చదివించిననే తక్కినది నడుచును. అట్టి యంత్రముల యెదుట నిలిచినవానికి, ఎంతవరకు జరిగినది, ఎక్కడ ఆగినది అను విచారణ స్వభావమైపోవును. నేడు ఆ స్విచ్చుల పని బోర్డుపైనున్న చిన్న చిప్పు క్షణములో చేయుచున్నది. దృష్టికి అందకున్నను క్రమము మాత్రము అదియే.

కొత్త బోర్డులు పెక్కింటికి అంచున నాలుగు సూక్ష్మదీపములు ఉండును. ప్రక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని ముద్రించియుండును. మీట నొక్కగానే అవి ఒకదాని వెంట ఒకటి వెలిగి ఆరును. ఏది ఆరక నిలిచినదో అచ్చటనే చిక్కు. నీ బోర్డు తక్కువ వెలదైనచో దీపములు ఉండకపోవచ్చును. అప్పుడు స్పీకర్ అని వ్రాసియున్న పిన్నులకు చిన్న స్పీకరు తగిలించి, బీపులు విని, బోర్డుతో వచ్చిన పుస్తకములో అర్థము చూచుకొనవలెను. బీపుల భాష అన్ని బోర్డులకు ఒకటి కాదు.

ఫ్యానులు తిరిగి తెర చీకటిగా ఉన్నదన్నావు గనుక నా దృష్టి మొదట పోవునది బోర్డు పై మూలకు. ప్రాసెసరుకు దాపున అచ్చట 8 పిన్నుల సాకెట్టు ఒకటి ఉండును. 24 పిన్నుల పెద్ద కనెక్టరు పెట్టినంతనే ఫ్యానులు తిరుగును, దీపములు వెలుగును, అంతయు సవ్యమనియే తోచును. కాని ప్రాసెసరుకు కావలసిన 12 వోల్టుల విద్యుత్తు ఆ మూల సాకెట్టు ద్వారానే వచ్చును. హీట్‌సింకు మరుగున ఉండుటచేత కొత్తవారు దానిని చూడనే చూడరు. విద్యుత్తు నందించు ఎస్‌ఎంపీఎస్ నుండి వచ్చు తీగలలో నాలుగు, నాలుగుగా విడునది దీనిది. ఆరు, రెండుగా విడునది గ్రాఫిక్స్ కార్డుది. రూపములో సన్నిహితములైనను ఇవి పరస్పరము పొసగవు. బలవంతముగా దూర్చవద్దు తల్లీ.

అది సరిగా ఉన్నచో ర్యామ్ చూడుము. స్లాట్లు నాలుగున్నచో ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి, ప్రాసెసరు నుండి లెక్కపెట్టి రెండవ స్లాటులో, రెండు చివరల బొటనవ్రేళ్లతో, టక్కుమను శబ్దము వచ్చువరకు నొక్కుము. ఆడపిల్లవని కాదు, మగపిల్లలును ఇచ్చట భయపడి సగమే నొక్కుదురు. నీవు కొన్నది డీడీఆర్5 అయినచో, తొలిసారి బోర్డు ఆ ర్యామ్‌కు శిక్షణ నిచ్చుటకు కొన్ని నిమిషములు పట్టును. అంతవరకు తెర నల్లగనే ఉండును. ఆ కాలమున ఓర్పులేక మీట నొక్కి ఆపినచో మరల మొదటికి వచ్చును.

ప్రాసెసరు పెట్టెపై పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నదేమో చూడుము. ఇంటెల్ వారి ఎఫ్ రకములలో గ్రాఫిక్స్ ఉండదు. ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు లేనిదే బోర్డు వెనుక హెచ్‌డీఎంఐ సాకెట్టులో ఎన్ని కేబుళ్లు పెట్టినను తెర వెలుగదు. కార్డున్నచో కేబులు కార్డుకే పెట్టవలెను. అట్లే, 600 శ్రేణి బోర్డుపై 13వ లేక 14వ తరపు ప్రాసెసరు పెట్టియున్నచో, బోర్డును మేలుకొలుపు బయోస్ అను ప్రోగ్రాము పాతదై దానిని గుర్తింపకపోవచ్చును; బయోస్ నవీకరించిన గాని కదలదు.

ఇవేవియు కానప్పుడు బోర్డును బయటికి తీయుము. తీయుటకు ముందు ప్లగ్గు లాగి, మీటను ఒకమారు నొక్కి నిలువ విద్యుత్తు పోనిచ్చి, క్యాబినెట్ ఇనుమును చేతితో తాకుము. పాత క్యాబినెట్‌లో పాత బోర్డు కొలతకు బిగించిన ఇత్తడి స్టాండాఫ్ ఒకటి కొత్త బోర్డు అడుగున అనవసరముగా మిగిలి, వెనుక టంకములను తాకి షార్టు చేయుట తరచు జరుగును. బోర్డును దాని అట్టపెట్టెపై పరచి (వెండివన్నె సంచిపై మాత్రము వద్దు, దాని పైపొర విద్యుత్తును పారించును), ప్రాసెసరు, హీట్‌సింకు, ఒక్క ర్యామ్ మాత్రము ఉంచి, పవర్ స్విచ్ అని వ్రాసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవరు కొనతో క్షణకాలము తాకించుము. అట్టమీద లేచి క్యాబినెట్‌లో లేవకున్నచో, దోషము క్యాబినెట్‌దే. అట్టమీదను లేవకున్నచో ఎస్‌ఎంపీఎస్‌ను శంకింపవలెను. ఉప్పల్ నుండి మీ నారపల్లి దాక వంతెన పనుల మూలమున సంవత్సరముల తరబడి లేచిన దుమ్ము ఆ పాత ఎస్‌ఎంపీఎస్‌లో ఎంత చేరియుండునో ఊహింపగలను. ఇరుగుపొరుగున మంచిదొకటి అరువు దొరికినచో దానితోను పరీక్షింపుము.

తెర వెలిగిన పిమ్మట రెండవ చిక్కు ఎదురగునని ఇప్పుడే చెప్పుచున్నాను, అప్పుడు బెదరకుందువు గాక. డిస్కు తగిలించినను బూట్ డిస్కు లేదని బోర్డు చెప్పవచ్చును. మీ విండోస్ పాత కాలమున, ఎంబీఆర్ పద్ధతిలో, పాత బయోస్ తీరున స్థాపించినది. కొత్త బోర్డు యూఈఎఫ్ఐ తీరున జీపీటీ డిస్కును వెదకును. పాత తీరును అనుమతించు సీఎస్ఎమ్ అను ఏర్పాటు కొన్నింట ఉండును గాని, ఇటీవలి ఇంటెల్ బోర్డులలో ప్రాసెసరులోని గ్రాఫిక్స్‌తోనే నడుపునప్పుడు అది దొరకదు. పైగా పదకొండుకు యూఈఎఫ్ఐ కావలసియే ఉన్నది. కనుక ఆ డిస్కునే జీపీటీ తీరునకు మార్చుటయే మార్గము. విండోస్‌తో వచ్చు ఎంబీఆర్‌టుజీపీటీ అను సాధనము ఫైళ్లు చెరుపకనే ఆ మార్పు చేయును. మొదట వ్యాలిడేట్ అను పరీక్ష, అది నెగ్గిననే కన్వర్ట్. అందుకు పూర్వము ఉబుంటును పెన్‌డ్రైవు నుండి నడిపి, లెక్కలు, ఫొటోలు వేరొక డిస్కులోనికి ఎత్తుకొనుము. ఆ నకలు కన్నులార చూచుకొనువరకు కన్వర్ట్ జోలికి పోవద్దు. డిస్కును ఇనిషియలైజ్ చేయుదునా, ఫార్మాటు చేయుదునా అని ఏ కిటికీ అడిగినను వద్దనియే నొక్కుము.

పాత బోర్డును ఇంకను అమ్మలేదు గదా? పని ముగియువరకు అమ్మవద్దు. దానిపై ఆ డిస్కు ఇప్పటికిని లేచును. నకలు తీయుటకు, విండోస్ అనుమతిని నీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతపరచుటకు అది ఉత్తమమైన స్థలము. ఆ అనుమతి బోర్డుకు ముడిపడియుండును. ముందుగా ఖాతాకు జతపరచినచో, కొత్త బోర్డుపై హార్డువేరు మార్చితినని చెప్పి తిరిగి పొందుటకు అవకాశము కలదు. యంత్రముతో పాటు కొన్న విండోస్ అయినచో మాత్రము కొత్త బోర్డుకు రాకపోవచ్చును.

ఇన్ని చేసినను కదలనిచో బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడింటిని, రసీదుతో, పెట్టెలతో సహా కొన్న అంగడికే తీసికొనిపొమ్ము. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగినచో సీటీసీ దగ్గరే. నీ కన్నుల ఎదుటనే వారి ర్యామ్‌తో, వారి ఎస్‌ఎంపీఎస్‌తో పరీక్షింపుమని అడుగుము. ప్రాసెసరును తీసి, దాని సాకెట్టులోని సన్నని పిన్నులపై చిన్న ప్లాస్టిక్ మూత బిగించి మరీ తీసికొనిపొమ్ము. పిన్ను వంగినచో వారంటీ ఇయ్యరు.

నాలుగు దీపములలో ఏది ఆరక నిలిచినదో రేపే తెలియజేయుము. 

ఇట్లు,
నీ పెదనాన్న