లెక్కల డిస్కులను మార్చునప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు



మీరు రెండు పూటలా పోసిన పాల కొలత, వెన్న శాతం ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరులో నమోదవుతున్నవి. మీ పాల బిల్లు ఆ లెక్కనుబట్టే తయారవుతుంది. గనుక ఆ లెక్క ఎక్కడ ఉంటుందో, ఎట్లా పోతుందో మనం తెలుసుకొనవలెను.

పెద్ద కార్యాలయాలలో లెక్కలను ఒక్క డిస్కుపై గాక కొన్ని డిస్కుల వరుసపై ఉంచుతారు. ఈ పద్ధతిని రెయిడ్ అంటారు. అమెరికాలో బర్క్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో దీనిని వివరించారు. డిస్కు పెట్టే అరను స్లాట్ అనీ, డిస్కులన్నిటినీ నడిపే పరికరాన్ని కంట్రోలర్ అనీ అంటారు.

ఒక ఉదాహరణ: మొదటి క్యానులో 4 లీటర్లు, రెండవదానిలో 6 లీటర్లు, మొత్తం 10 అని పుస్తకంలో వ్రాసి ఉన్నది. ఒక క్యాను లెక్క చెరిగినా మిగిలిన రెంటినిబట్టి చెప్పగలం. రెండు చెరిగితే చెప్పలేం. రెయిడ్ 5 పద్ధతి ఇటువంటిదే. ఒక డిస్కు పోతే తట్టుకొనును, రెండు పోతే లేదు. రెయిడ్ 6 రెండింటిని తట్టుకొనును.

నేను తనిఖీకి వెళ్లిన ఒక కార్యాలయంలో దుమ్ము తుడుద్దామని నడుస్తున్న యంత్రం నుండి రెండు డిస్కులు ఒకేసారి లాగారు. లెక్క ఆగిపోయింది. కంగారులో తెరపై అడిగిన ప్రశ్నకు చదవకుండానే 'సరే' అన్నారు. పాత అమరిక చెరిగింది. ఆ బిల్లును చివరకు సభ్యుల పాసుపుస్తకాలను చూసి తిరిగి వ్రాయవలసి వచ్చింది. డబ్బు ఆలస్యమై, దాణా అప్పు తెచ్చుకున్నవారు ఇబ్బంది పడ్డారు.

పాటించవలసిన క్రమం:

1. ముందుగా లెక్కల నకలు వేరేచోట తీసి, అది తెరుచుకొనుచున్నదో లేదో చూడవలెను. రెయిడ్ నకలుకు బదులు కాదు. పొరపాటున చెరిపిన లెక్క రెయిడ్‌లోనూ చెరిగిపోవును.

2. డిస్కులన్నీ బాగున్నట్లు కంట్రోలర్ చూపవలెను. పాడైన డిస్కు లెక్కను కొత్తదానిపై నింపుచుండగా దేనినీ కదపరాదు.

3. ప్రతి డిస్కుపై అర సంఖ్య చీటీ అంటించి, పుస్తకంలో వ్రాసుకొనవలెను. డిస్కులపై వ్రాసి ఉన్న అమరికనుబట్టి అర మారినా గుర్తుపట్టే కంట్రోలర్లు ఉన్నవి. అన్నీ అట్లా గుర్తించవు. పాత వరుసే క్షేమం.

4. యంత్రాన్ని పద్ధతి ప్రకారం ఆపిన పిమ్మటే కరెంటు తీయవలెను. అప్పుడే కంట్రోలర్ తన వద్ద తాత్కాలికంగా ఉంచుకొన్న లెక్క డిస్కులకు చేరును.

5. స్థిర విద్యుత్తు పోవుటకు ముందు లోహపు చట్రాన్ని తాకి, డిస్కును అంచులతో పట్టుకొనవలెను.

6. కంట్రోలర్ మారితే ఆ డిస్కులకు సరిపోయే తరగతిదే తీసుకొని, డిస్కులన్నిటినీ ఒకేసారి మార్చవలెను. కొత్త కంట్రోలర్ వాటిని 'ఫారిన్' అనగా పరాయివి అని చూపవచ్చును. డిస్కులన్నీ కనబడిన తరువాతే 'ఇంపోర్ట్' ఎంచుకొనవలెను. 'క్లియర్', 'ఇనిషియలైజ్' అనువాటిని తాకరాదు.

పని ముగిసిన వెంటనే క్రిందటి బిల్లును తీసి కాగితపు లెక్కతో సరిచూడవలెను.

సభ్యులారా, మీ పాసుపుస్తకంలో ప్రతి పూటా వ్రాయించుకొనండి, చీటీలు పారవేయకండి. నకలు ఎప్పుడు తీశారో మహాసభలో అడగండి. అది మీ హక్కు.

ప్రశ్నలు: రెయిడ్ 5లో ఎన్ని డిస్కులు పోయినా లెక్క నిలుచును? రెయిడ్ ఉన్నా నకలు ఎందుకు కావలెను?