కంప్యూటర్ మిల్లింగ్ మిషన్ – పదిమంది వాడే వర్క్‌షాపులో మొదటి జాబ్



మీలో చాలామంది ఊళ్లో వెల్డింగ్ షాపు పక్కన లేత్ మిషన్ తిరగడం చూసే ఉంటారు. లేత్‌లో ఇనుప కడ్డీ గిరగిరా తిరుగుతుంటే టూల్ దాని పక్కనే జరుగుతూ చెక్కుతుంది. మిల్లింగ్ మిషన్‌లో ఇది తారుమారు. ఇక్కడ తిరిగేది కట్టర్. బల్ల మీద వైస్‌లో బిగించిన ముక్క (దాన్నే మనవాళ్లు జాబ్ అంటారు) కట్టర్ కిందకు జరుగుతుంది. బల్లను జరిపే చేతిచక్రాల స్థానంలో మోటార్లు పెట్టి, ఎంత జరగాలో అంకెల్లో చెప్తే అదే సి.ఎన్.సి. మిల్లింగ్ మిషన్.

దీని పుట్టుక తెలిస్తే భయం సగం పోతుంది. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కల పనికి కావలసిన వంపులను అంకెల పట్టికగా లెక్క కట్టించాడు. ఒకడు ఆ పట్టిక చూసి అంకెలు పైకి చదివేవాడు. మరో ఇద్దరు అటొకరు ఇటొకరు నిలబడి విన్న అంకె ప్రకారం చక్రాలు తిప్పేవారు. ఆ తరువాత 1952లో ఎం.ఐ.టి. సంస్థవారు చక్రాలు తిప్పే మనుషుల బదులు మోటార్లతో, రంధ్రాలు పొడిచిన కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ మిషన్‌ను ప్రదర్శించారు. అంటే మిషన్ వచ్చి తీసేసింది చక్రాలు తిప్పే ఇద్దరినే. అంకె అర్థమైన మూడోవాడి అవసరం ఇప్పటికీ ఉంది.

ఒకప్పుడు ఇలాంటి మిషన్‌ను ముట్టుకోవాలంటే ఫ్యాక్టరీలో ఉద్యోగమో, బాలానగర్ సి.ఐ.టి.డి. లాంటి చోట సీటో ఉండాలి. ఇప్పుడు ఇంకో దారి కూడా వచ్చింది. పదిమంది కలిసి వాడుకునే వర్క్‌షాపులు. ఎం.ఐ.టి. ప్రొఫెసర్ నీల్ గెర్షెన్‌ఫెల్డ్ మొదలుపెట్టిన ఫ్యాబ్ ల్యాబ్‌లలో మన దేశానికి వచ్చిన మొదటిది 2002లో ఏ మహానగరంలోనూ పెట్టలేదు. మహారాష్ట్రలో పుణె దగ్గర పాబల్ అనే ఊళ్లో, పల్లె పిల్లలకు చేతిపనులతో చదువు చెప్పే విజ్ఞాన్ ఆశ్రమంలో పెట్టారు. మన హైదరాబాదులో రాయదుర్గం దగ్గర టీ-వర్క్స్ 2023 మార్చిలో ప్రారంభమైంది. మీకు అవకాశం దొరికిన చోట, మొదటి రోజు ఏం చేయాలో చెప్పడానికే ఈ పాఠం.

మిషన్‌కు తెలిసింది అంకెలే

తొమ్మిదో తరగతి గ్రాఫు కాగితం గుర్తుందా? ఎక్స్ అక్షం, వై అక్షం, మూలబిందువు. మిల్లింగ్ మిషన్ బల్ల ఆ గ్రాఫు కాగితమే. పైకీ కిందకీ పోయే జెడ్ అక్షం ఒక్కటే అదనం. జాబ్ పై ముఖాన్ని జెడ్ సున్నా అనుకుంటే, మైనస్ అంటే లోహంలోకి దిగడం, ప్లస్ అంటే పైకి లేవడం.

80 మి.మీ. పొడవు, 50 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం ముక్క మీద చిన్న గాడి తీద్దాం. ముక్క ఎడమవైపు కింది మూల మన మూలబిందువు. ప్రోగ్రాం ఇలా ఉంటుంది:

జి21 జి90
జి00 జెడ్ 5.0
జి00 ఎక్స్ 10.0 వై 25.0
ఎం03 ఎస్ 8000
జి01 జెడ్ -0.5 ఎఫ్ 100
జి01 ఎక్స్ 70.0 ఎఫ్ 480
జి00 జెడ్ 5.0
ఎం05
ఎం30

జి21 అంటే కొలతలు మిల్లీమీటర్లలో. జి90 అంటే ప్రతి అంకెనూ మూలబిందువు నుంచే లెక్కించమని. జి00 గాలిలో వేగంగా పోవడం, జి01 కోస్తూ నిదానంగా పోవడం. ఎం03 కట్టర్‌ను తిప్పుతుంది, ఎం05 ఆపుతుంది. ఎస్ అంటే నిమిషానికి చుట్లు, ఎఫ్ అంటే నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు జరగాలో. చదివి చూడండి, ఇందులో మన పదో తరగతి దాటిన లెక్క ఏదీ లేదు.

8000 ఎక్కడిదంటారా? కట్టర్ అంచు ఒక చుట్టులో π×వ్యాసం అంత దూరం పోతుంది. అల్యూమినియం మీద కార్బైడ్ కట్టర్ అంచు నిమిషానికి 150 మీటర్లు పోవచ్చు అనుకుందాం. కట్టర్ వ్యాసం 6 మి.మీ. కాబట్టి 1,50,000ని 18.85తో భాగిస్తే దగ్గర దగ్గర 8000. కట్టర్‌కు రెండు పళ్లు, ఒక్కో పన్ను 0.03 మి.మీ. కొరకాలనుకుంటే 8000×2×0.03 = 480. అదే మైల్డ్ స్టీలు, హెచ్.ఎస్.ఎస్. కట్టర్ అయితే అంచు వేగం 25 మీటర్లకే పరిమితం. అప్పుడు చుట్లు 1300 చాలు. ఈ తేడా చూడకుండా అల్యూమినియం వేగంతోనే స్టీలు మీదకు పోతే కట్టర్ అంచు మాడిపోతుంది. చిన్న మిషన్లలో బిగువు తక్కువ కాబట్టి అక్కడి ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన అంకె ఇంకా తక్కువ ఉంటే అదే వాడండి.

ముందు వాడినవారు వదిలివెళ్లినవి

అసలు విషయం ఇది, కాస్త నిదానంగా చదవండి. ఫ్యాక్టరీలో ఒకే మిషన్ మీద ఒకే జాబ్ నెలల తరబడి నడుస్తుంది. పదిమంది వర్క్‌షాపులో పొద్దున ఒకరు చెక్క కోస్తారు, మధ్యాహ్నం ఇంకొకరు ఇత్తడి కోస్తారు, సాయంత్రం మీరు వెళ్తారు. మిషన్‌కు మీరెవరో తెలియదు. పొద్దున వచ్చినవారు పెట్టిన మూలబిందువు దాని జ్ఞాపకంలో అలాగే ఉండవచ్చు. వాళ్లు అంగుళాలలో పనిచేసి ఉంటే, మీరు జి21 రాయకపోతే, మీ 10 మి.మీ. కాస్తా 10 అంగుళాలు, అంటే 254 మి.మీ. అవుతుంది. కట్టర్ పోయి వైస్‌ను కొడుతుంది. విరిగిన కట్టర్ ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుకే ప్రోగ్రాం మొదటి వరుసలోనే జి21 జి90 రాయాలి. దశాంశ బిందువు కూడా మరవకూడదు. ఫానక్ కంట్రోలర్లు కొన్నింటిలో చుక్క లేకుండా ఎక్స్ 50 అని రాస్తే 0.050 మి.మీ. అని తీసుకుంటాయి, వేరే కంట్రోలర్లు 50 మి.మీ.గానే తీసుకుంటాయి. మీ ముందున్నది ఏదో అడిగి తెలుసుకోవాలి. అడగడం నామోషీ కాదు.

మూలబిందువును ప్రతిసారీ మీ చేతులతో మీరే పెట్టుకోవాలి. "ఇందాకే పెట్టాను, అలాగే నడిపించు" అని పక్కవారు ఎంత నమ్మకంగా చెప్పినా సరే. పద్ధతి తేలికే. ఎడ్జ్ ఫైండర్ అనే గుండ్రటి పరికరాన్ని ముక్క ఎడమ అంచుకు తాకిస్తారు. దాని కొన వ్యాసం 10 మి.మీ. అయితే స్పిండిల్ మధ్యబిందువు అంచుకు 5 మి.మీ. బయట ఉన్నట్టు. కాబట్టి అక్కడ ఎక్స్ విలువ 0 కాదు, -5 అని ఇవ్వాలి. కొత్తవారు తరచుగా జారేది ఈ 5 దగ్గరే. వైకీ ఇదే పద్ధతి. జెడ్‌కు, స్పిండిల్ ఆపి ఉంచి, ముక్క మీద కాగితం పరిచి, దాన్ని వేళ్లతో అటూ ఇటూ జరుపుతూ కట్టర్‌ను 0.01 మి.మీ. చొప్పున దించాలి. కాగితం పట్టేసిన చోట ఆగాలి. మామూలు జిరాక్స్ కాగితం మందం 0.1 మి.మీ. ఉంటుంది కాబట్టి అక్కడ జెడ్ విలువ 0.1.

ఇక బిగింపు. వైస్‌లో చెత్త లేకుండా తుడిచి, ముక్క కింద ప్యారలల్స్ అనే సమాన ఎత్తు పట్టీలు పెట్టి, బిగించి, ఆ పట్టీలు కదులుతున్నాయేమో వేలితో తోసి చూడాలి. కదిలితే ముక్క సరిగా కూర్చోలేదన్నమాట.

గాలిలో ఒకసారి

మొదటిసారి లోహాన్ని కోయకూడదు. జెడ్ మూలబిందువును ముక్కకు 20 మి.మీ. పైన ఉన్నట్టు మార్చి, ప్రోగ్రాంను గాలిలో నడిపించాలి. చెయ్యి ఫీడ్ హోల్డ్ బటన్ మీదే ఉండాలి. ఇక్కడ ఒక తేడా తెలియాలి. ఫీడ్ హోల్డ్ నొక్కితే బల్ల ఆగుతుంది గానీ కట్టర్ తిరుగుతూనే ఉంటుంది. అన్నీ ఆపేది ఎర్రటి ఎమర్జెన్సీ బటన్. అది ఎక్కడుందో మిషన్ ఆన్ చేయకముందే చేత్తో తాకి చూసుకోండి. గాలిలో సరిగా నడిచాక జెడ్‌ను మళ్లీ పాత విలువకు తెచ్చి అప్పుడు కోయాలి.

కళ్లద్దాలు తప్పనిసరి. గ్లౌజులు మాత్రం వేసుకోకూడదు. తిరిగే కట్టర్ గ్లౌజు దారాన్ని పట్టుకుందంటే చేతిని కూడా లాక్కుంటుంది. చెల్లెళ్లు జడ ముడి వేసుకుని చున్నీ తీసి పక్కన పెట్టాలి. తమ్ముళ్లు చేతి కడియాలు, దారాలు తీసేయాలి. మొక్కుబడి దారమైనా సరే, దేవుడు ఏమీ అనుకోడు. లోహపు పొట్టును బ్రష్‌తోనే తీయాలి, అదీ స్పిండిల్ ఆగాక.

రేపు మీరు ఐ.టి.ఐ.లో మెషినిస్ట్ ట్రేడో, డిప్లొమాలో మెకానికలో చదివి కంపెనీకి వెళ్తే అక్కడ రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ముక్క పెట్టి, పచ్చ బటన్ నొక్కి, ముక్క తీసేవాడు ఆపరేటర్. మూలబిందువు పెట్టి, కట్టర్ ఎంచి, మొదటి ముక్క కొలత సరిచూసి ఇచ్చేవాడు సెట్టర్. జీతంలో తేడా సరే, పనిలో కోత పడినప్పుడు ముందు ఇబ్బంది పడేది బటన్ దగ్గరి మనిషే. ఆ సెట్టింగ్ పని చేతికి రావాలంటే తప్పు పోయినా ఎవరూ తిట్టని చోటు ఒకటి కావాలి. ఫ్యాక్టరీలో అలాంటి చోటు దొరకదు, పదిమంది వర్క్‌షాపులో దొరుకుతుంది.

వెళ్లేటప్పుడు గ్రాఫు కాగితం మీద మీ జాబ్ బొమ్మ గీసి, ప్రతి మూలకు ఎక్స్, వై విలువలు రాసుకుని వెళ్లండి. మొదటి ముక్కకు అల్యూమినియం కూడా వద్దు, మెత్తటి చెక్క ముక్క చాలు. పని అయ్యాక కట్టర్ తీసి, బల్ల తుడిచి, ఏ కట్టర్ వాడారో, ఏమైనా విరిగిందో రిజిస్టరులో రాయండి. మీ తరువాత వచ్చేవారు ముందుగా ఆ పేజీయే చూస్తారు.