వయసును దేనితో కొలుస్తారు?

ఎత్తును కొలబద్దతో కొలుస్తాం. బరువును త్రాసుతో తూస్తాం. మరి వయసును దేనితో కొలుస్తారు? కొంచెం ఆలోచించండి.

ఈ ప్రశ్న నేడు ప్రభుత్వాలకే ఎదురయింది. 16 ఏళ్లు నిండనివారికి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ వంటి వాటిలో ఖాతాలు ఉండరాదని ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసింది. 2025 డిసెంబరు 10 నుండి అది అమలులోకి వచ్చింది. శిక్ష పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని లేదు. తగిన జాగ్రత్త తీసుకోని కంపెనీకే 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జరిమానా!

అయితే ఫోను తెర వెనుక ఉన్నది బాలుడో, పెద్దవాడో కంపెనీకి తెలిసేదెలా? నాలుగు పద్ధతులున్నాయి.

1. అడగడం: పుట్టిన తేదీ వ్రాయమంటారు. ఇది తేలిక. కాని అబద్ధం వ్రాయడం అంతకంటే తేలిక.

2. పత్రం చూడడం: ఇది చాలా ఖచ్చితమైనది. కాని పత్రంలో వయసుతోపాటు పేరు, ఫోటో, ఒక్కోసారి చిరునామా కూడా ఉంటాయి. 2025లో డిస్కార్డ్ అనే సంస్థకు పనిచేసే మరో కంపెనీ నుండి సుమారు 70,000 మంది గుర్తింపు పత్రాల ఫోటోలు దొంగల పాలై ఉండవచ్చని ఆ సంస్థే ప్రకటించింది. వయసు నిరూపించుకోవడానికి ఇచ్చిన పత్రాలవి!

3. ముఖం చూసి అంచనా కట్టడం: వయసు తెలిసిన వేలాది ముఖాలను చూపి కంప్యూటరుకు శిక్షణ ఇస్తారు. ఇది కొలత కాదు, అంచనా. రెండేళ్ల తేడా వస్తే 15 ఏళ్ల బాలిక 17 ఏళ్లదిగా, 17 ఏళ్ల బాలుడు 15 ఏళ్లవాడుగా లెక్కకు వస్తారు. అందుకే బ్రిటన్‌లో మద్యం కొనడానికి 18 నిండితే చాలినా, చాలా దుకాణాలలో 25 ఏళ్లలోపు కనిపించిన వారినందరినీ పత్రం చూపమంటారు. సందేహానికి ఏడేళ్లు విడిచిపెట్టారన్నమాట!

4. మధ్యవర్తి మాట: నమ్మకమైన సంస్థ ఒకటి పత్రం చూసి, "16 నిండాయి" లేదా "నిండలేదు" అని మాత్రమే కంపెనీకి తెలుపుతుంది. సినిమా హాలులో టికెట్టు చింపేవాడికి మీ పేరుతో పని లేదు కదా! ఇదీ అంతే. అయితే ఆ మధ్యవర్తి కూడా పత్రాన్ని దాచుకోకూడదు.

దీనినిబట్టి ఏమి తెలిసింది? వయసు నిరూపించడం వేరు, మనమెవరో చెప్పడం వేరు. మంచి పద్ధతి మొదటిదే చేస్తుంది.

మన దేశంలో 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని బాలలుగా పరిగణిస్తుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. బాలల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలన్నది అందులో ముఖ్యాంశం.

కంచె ఎంత గట్టిదైనా సందు ఉండవచ్చు. ముక్కూ మొహం తెలియనివారు మీ ఫోటో అడిగినా, బెదిరించినా వెంటనే ఇంట్లో గాని, ఉపాధ్యాయులతో గాని చెప్పండి. తప్పు బెదిరించినవాడిది, మీది కాదు. 1098 నంబరుకు ఫోను చేసినా సహాయం అందుతుంది.

చేసి చూడండి: మిత్రుని ఇంట్లోని పది మంది బంధువుల ఫోటోలు తీసుకోండి. ఫోటో తీసిననాటికి ఒక్కొక్కరి వయసెంతో ఊహించి వ్రాయండి. తరువాత అసలు వయసు అడిగి తేడాలు పట్టికగా వేసి, సగటు కట్టండి. మీ అంచనా ఎన్నేళ్లు తప్పింది?