గొర్రె మాంసము, మామిడికాయలతో ‘పై’ తయారుచేయు విధానము

వ్యవసాయాధికారి, గుంతకల్లు

మన అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన తప్పిన ఏడు మేతకు కరువు వచ్చును. అట్టి ఏట పళ్లరిగిన గొర్రెలను వేసవికి ముందే మందలోనుండి ఏరివేయుట లాభకరమని రైతులకు తెలియనిది కాదు. కాని ముదురు మాంసము గట్టిదని సంతలో తగిన ధర రాదు. వేసవి గాలికి రాలిన మామిడికాయలదీ అదే గతి. ఈ రెంటితో ఇంటిల్లిపాదికి పుష్టికరమైన వంటకమును చేసుకొనవచ్చును.

మామిడికాయ వేసి మాంసము వండుట మనకు కొత్త కాదు. ఇంగ్లండు నైరుతి భాగమున డెవన్ ప్రాంతమువారు గొర్రె మాంసము, పుల్లని ఆపిలు ముక్కలు, ఉల్లిగడ్డలు కలిపి గోధుమపిండి పొరక్రింద మూసి కాల్చుదురు. దీనిని ‘స్క్వాబ్ పై’ అందురు. స్క్వాబ్ అనగా పావురపు పిల్ల. పేరు అదియైనను అందు వేయునది గొర్రె మాంసమే. పండు పులుపు కొవ్వు వెగటును పోగొట్టును. మనము ఆపిలుకు బదులు మామిడికాయ వాడుదము.

కావలసిన వస్తువులు (ఐదుగురికి)

ఎముక తీసిన మాంసము 500 గ్రాములు, ఎర్రగడ్డలు 250 గ్రాములు, మామిడికాయ ఒకటి, బెల్లము ఒక చెంచా, అల్లము, మిరియాలు, దాల్చినచెక్క, ఉప్పు తగినంత. పొరకు గోధుమపిండి 300 గ్రాములు, నెయ్యి 100 గ్రాములు, నీరు 120 మిల్లీలీటర్లు.

చేయు పద్ధతి

1. మాంసమును చిన్న ముక్కలు చేసి అల్లము, మిరియాలు, దాల్చినచెక్క, ఉప్పు వేసి, మునుగునంత నీటితో సన్నని సెగపై గంటన్నర నుండి రెండు గంటలు ఉడికించవలెను. తొందరపడి మంట పెంచరాదు. నిదానముగా ఉడికిననే ముదురు మాంసములోని నారలు మెత్తబడును. పిమ్మట చల్లార్చి, రసమును వేరుగా ఉంచుకొనవలెను.

2. నీటిలో నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి మరగించి, ఆ వేడినీటినే పిండిలో పోసి గరిటెతో కలిపి, చేయి ఓర్చునంత వేడి కాగానే మర్దించవలెను. చల్లని నేతితో కలుపు పద్ధతి చలిదేశములకు తగినది. మన ఎండలకు ఈ వేడినీటి పద్ధతియే అనుకూలము.

3. పిండిలో మూడవ వంతు తీసి ఉంచి, మిగిలినదానిని ఒత్తి స్టీలు గిన్నె లోపల పరచవలెను. మాంసము, తరిగిన మామిడికాయ, ఎర్రగడ్డలు వరుసలుగా పేర్చి, బెల్లము చల్లి, రెండు మూడు గరిటెల రసము పోయవలెను. మిగిలిన పిండితో మూసి అంచులు నొక్కి, ఆవిరి పోవుటకు నడుమ రంధ్రము చేయవలెను.

4. పెద్ద దబరలో రెండంగుళముల ఇసుక పోసి బాగుగా కాల్చి, గిన్నెను అందుంచి మూతపెట్టి, మూతపైన నిప్పులు పోయవలెను. సుమారు గంటకు పొర ఎర్రగా కాలును.

నేను ఒక పల్లెలో మొదట ఈ వంటకము చేసి చూపినపుడు పొదుపుకొరకు పూర్తిగా కొర్రపిండి వాడితిని. పొర విరిగి రసమంతయు ఇసుకపాలైనది. కొర్ర, జొన్న పిండ్లకు సాగుగుణము లేదు. గోధుమపిండిలో నాలుగవ వంతుకు మించి కలుపరాదు.

హెచ్చరికలు

కళాయిలేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు వండరాదు. చేసిన పూటనే తినవలెను. వేసవిలో మరునాటికి ఉంచరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటున్నది. ఏరివేసిన గొర్రె వేరు, చచ్చిన గొర్రె వేరు. కరువులో నష్టము పూడ్చుకొనుటకు చచ్చినదానిని కోయుటకు కొందరు పూనుకొందురు. గొర్రె హఠాత్తుగా చచ్చి, ముక్కు, మలద్వారముల నుండి గడ్డకట్టని నల్లని రక్తము కారినచో అది దొమ్మ వ్యాధి కావచ్చును. దానిని కోయరాదు, చర్మము ఒలువరాదు. బాగుగా వండినచో భయము లేదనుకొనుట పొరపాటు. కోయువాని చేతి గాయము ద్వారానే వ్యాధి అంటుకొనును. నేలపై పడిన వ్యాధిబీజములు ఏండ్ల తరబడి జీవించి మిగిలిన మందకు ముప్పు తెచ్చును. వెంటనే పశువైద్యునికి తెలియజేయవలెను.

కావున రైతు సోదరులు గొర్రె నీరసించి పడిపోవువరకు ఆగక, ఆరోగ్యముగా ఉన్నపుడే ఏరివేయవలెను. మందకు మేత మిగులును, ఇంటికి మంచి మాంసము దక్కును.