సందేహాలు - సమాధానాలు: కంప్యూటర్ గ్రాఫిక్స్

బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. గ్రాఫిక్స్ ల్యాబ్‌లో ఇంకా టర్బో సీ నడుస్తోంది. బ్రెసెన్‌హామ్ అల్గారిథమ్‌ను బట్టీ పట్టి గట్టెక్కుతున్నాను. దీనికి బదులు బ్లెండర్ నేర్చుకుంటే సరిపోదా?
- ఓ విద్యార్థిని, కాకినాడ

సరిపోదు. బ్లెండర్ మంచిదే, ఉచితం కూడా, తప్పకుండా నేర్చుకోండి. కానీ తెర మీద గీత ఎలా పుడుతుందో అది మీకు చెప్పదు. జాక్ బ్రెసెన్‌హామ్ 1962లో ఐబీఎంలో పనిచేస్తూ ప్లాటర్ కోసం ఆ పద్ధతి కనిపెట్టారు. భిన్నాలు లేవు, భాగహారం లేదు. పూర్ణాంకాల కూడికలతోనే పని జరిగిపోతుంది. దాని అందమంతా అక్కడే ఉంది.

గళ్ల కాగితం మీద (0,0) నుంచి (5,2) దాకా గీసి చూడండి. అడ్డం 5, నిలువు 2. నిర్ణయ విలువ 2×2−5, అంటే −1తో మొదలవుతుంది. అది రుణాత్మకమైతే పక్క గడికి జరిగి 4 కలపండి. కాకపోతే పక్కకు జరుగుతూనే ఒక గడి పైకెక్కి 6 తీసేయండి. విలువలు −1, 3, −3, 1, −5గా వస్తాయి. (0,0), (1,0), (2,1), (3,1), (4,2), (5,2) గళ్లు వెలుగుతాయి. అసలు గీతకు ఏ గడి దగ్గరో ఆ విలువ గుర్తే చెబుతోందని అప్పుడు కళ్లకు కడుతుంది. తర్వాత ల్యాబ్‌లో లైన్ ఫంక్షన్‌ను ముట్టుకోకుండా, పుట్‌పిక్సెల్ ఒక్కదానితో అదే గీత గీయండి. ఈ పనికి టర్బో సీ చాలు.

బిందువుకు మూడు నిరూపకాలే కదా, మాత్రిక 4×4 ఎందుకు?
- ఎంసీఏ విద్యార్థి, వరంగల్

చాలామంది అడగకుండా వదిలేసే ప్రశ్న ఇది. తిప్పడం, పెంచడం 3×3 మాత్రికతో కుదురుతాయి. జరపడం కుదరదు. మూలబిందువును ఏ 3×3 మాత్రికతో గుణించినా సున్నాలే వస్తాయి, అది కదలనే కదలదు. నాలుగో స్థానంలో 1 పెడితే జరపడం కూడా గుణకారంలో ఒదిగిపోతుంది. అప్పుడు అన్ని మార్పులనూ ఒకే మాత్రికగా కలిపి వేల శీర్షాలకు వాడొచ్చు. సూర్యకాంతి వచ్చే దిశ లాంటివాటికి అక్కడ 0 పెడతారు, జరిపినా దిశ మారకూడదు కాబట్టి. దూరపు వస్తువులు చిన్నగా కనిపించేలా చేసే భాగహారం కూడా ఈ నాలుగో అంకెతోనే.

వరస మాత్రం జాగ్రత్త. సమతలంలో (2,0)ను అపసవ్యంగా 90 డిగ్రీలు తిప్పి, కుడికి 3 జరిపితే (3,2) వస్తుంది. ముందు జరిపి తర్వాత తిప్పితే (0,5). బిందువును నిలువు వరుసగా రాసే పుస్తకమైతే, ముందు జరగాల్సిన మార్పు బిందువు పక్కనే, అంటే కుడి చివర ఉండాలి.